తగ్గాల్సిన అంకె

"కోడలు ఉద్యోగానికి వెళ్తుందన్న మాటే గానీ, మా ఇంట్లో వెంట్రుకవాసి తేడా లేదే" అని అత్తగారు ఫోన్లో చెల్లెలితో చెబుతుంటే, వంటింట్లో కూరగాయలు తరుగుతున్న కోడలి బుగ్గలు వేడెక్కాయి. పెళ్లై మూడు నెలలు. ఆమె మురిసిపోవడానికి పెద్ద కారణాలేవీ అక్కర్లేదు. ఒకే కొక్కేనికి వేలాడే రెండు తువాళ్లు చాలు. "నీ జడలో పెట్రోలు వాసన లేకపోతే నిద్ర పట్టదోయ్" అనే మొగుడు చాలు. అత్తగారి మెప్పు ఆ పైన మీగడ. నాలుగింటికే లేచి పొద్దుటికీ మధ్యాహ్నానికీ వంట ముగించి బస్సెక్కాక కూడా ఆ రుచి నోట్లోంచి పోలేదు.

విమానం నడపడం నేర్పే చిన్న స్కూలు షెడ్డులో మెకానిక్ ఆమె. ఆ బుల్లి విమానాల ఇంజన్‌కి నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోలు రెండుంటాయి, ఒకటి మొరాయించినా రెండోది క్షేమంగా దింపడానికి. ఆ రవ్వ రాలే ఎనిమిది స్పార్క్ ప్లగ్గులూ విప్పి, మసి వదిలించి, సందు కొలిచి బిగించడం ఆమె పని. ఆ తర్వాత ఇంజన్ నడిపి చూసే పరీక్ష సాయంత్రం, విమానాలన్నీ దిగాక. పెళ్లికి ముందు ఆ పరీక్షకి పైలట్ సీట్లో కూర్చునేది ఆమే. ఇప్పుడు "కొత్త పెళ్లికూతురివి, నువ్వెళ్లమ్మా, నేను చూసుకుంటా" అంటాడు పెద్ద మెకానిక్, ఆప్యాయంగానే. తన చేతిపని ఇంజన్ వణుకై వెన్నులోకి పాకే ఆ నిమిషాన్ని ఆమె బస్సు కిటికీకి చెంప ఆనించి, బస్సు మోతలో వెతుక్కుంటుంది. బంగారంలాంటి మొగుడున్న మనిషికి ఇంకా బెంగేమిటని ఎవరైనా అడిగితే ఏం చెబుతుంది?

ఆ మధ్యాహ్నం, అరవై దాటాక విమానం నేర్చుకుంటున్న లెక్కల మాస్టారు, గాలి ఎక్కువైందని ఎగరకుండానే వెనక్కొచ్చి ప్రొపెల్లర్‌కి ఆనుకుని నిలబడ్డారు. "తాళం తిప్పి కుడి మాగ్నెటో ఆపి చూశానమ్మాయ్. వేగం ముల్లు ఒక్క అంకె తగ్గలేదు. నీకు నూటికి నూరు."

ఆమె చేతిలోది కింద పడేసి పరుగున వచ్చింది. "మాస్టారూ, ముందు దాని మీంచి చెయ్యి తీసి ఇవతలికి రండి."

ఒకదాన్ని ఆపితే ఇంజన్ వేగం కొంచెం తగ్గి తీరాలి. తగ్గలేదంటే బాగున్నట్టు కాదు, ఆపినా అది ఆగలేదన్నమాట. ఇంధనం ఆపి ఇంజన్‌ని నిలిపి, తాళం జేబులో వేసుకున్నా ఆ మాగ్నెటో ఆరినట్టు కాదు. ప్రొపెల్లర్ కాస్త కదిలితే చాలు, ఇంజన్ రాజుకుని అది గిర్రున తిరుగుతుంది. మూత విప్పి చూస్తే, తాళం స్విచ్చి నుంచి మాగ్నెటోకి వచ్చే తీగ మొదట్లోనే తెగిపోయి ఉంది.

మాస్టారు తొంగిచూసి, "పాపం, ఇక చాల్లే అన్న కబురే దీనికి అందడం లేదు" అన్నారు.

ఆమె చేతిలో పట్టకారు ఆగిపోయింది. వెంట్రుకవాసి తేడా లేదే. అత్తగారి మాత్రలు, గ్యాసు బుకింగ్, మొగుడి ఇస్త్రీ చొక్కాలు, ప్లగ్గుల సందు కొలుస్తూ కూడా లోపల తిరుగుతూనే ఉండేవి. ఆమె ఇంట్లో లేని తొమ్మిది గంటలూ ఇల్లు తగ్గకుండా నడిచింది, ఆమె ఏనాడూ ఆగలేదు కాబట్టి. పొద్దుటి మీగడ నాలుక మీద పులిసింది.

కొత్త తీగ బిగించేసరికి పొద్దు వాలింది. పెద్ద మెకానిక్ తాళం అందుకోబోతే ఆమె చెయ్యి చాపింది. ఆయన ఆమె మొహంలోకి ఓసారి చూసి ఇచ్చేశాడు. సీట్లో కూర్చుంటుండగా మొగుడి ఫోను. ఎక్కడున్నావ్, అమ్మ ఆకలంటోంది అన్నాడు.

"ఆలస్యమవుతుందండీ. వంట మీరిద్దరూ చూసుకోండి."

"నువ్వు లేకపోతే ఇల్లేమైపోవాలోయ్?" అన్నాడు నవ్వుతూ.

"కొంచెం తగ్గుతుంది" అంది ఆమె, ప్రేమగానే. "తగ్గాలి."

ఫోను కట్టేసి ఇంజన్ రాజేసింది. మూడు నెలల తర్వాత ఆ వణుకు వెన్నులోకి పాకింది. వేగం పెంచి, కుడి మాగ్నెటో ఆగేలా తాళం తిప్పింది. వేగం చూపే ముల్లు అదిరి, ఓ వంద అంకెలు కిందికి జారి, అక్కడ హాయిగా నిలబడింది.