తలా ఒక బంతి

"మార్తా, రేపటి ప్లాన్ రెడీనా?" స్టాన్లీ హాల్లోంచి అడిగేసరికి నేను చపాతీ పిండి కలుపుతున్నాను. ప్రతి శుక్రవారం సాయంత్రం మా యలహంక ఇంట్లో ఇదే ప్రశ్న. పిండి చేతులతోనే చెప్పాను. చిన్నపిల్లల్ని వరసలో నిలబెట్టొద్దు. ఒకడు ఆడుతుంటే మిగతావాళ్లు చూస్తూ నిలబడితే ఆటంటేనే విసుగు పుడుతుంది. తలా ఒక బంతి ఉండాలి. గ్రౌండు చుట్టూ పరుగులు వద్దు, బంతులతో దొంగా పోలీసు ఆడిస్తే కాలితో బంతి తోసుకుంటూ పోవడం దానంతటదే వస్తుంది. నా భర్త శ్రద్ధగా విన్నాడు. పొద్దున్నే మెడలో విజిల్ వేసుకుని అవే మాటలు కాలనీ పిల్లలకు చెబుతాడు. అందరూ అతన్ని కోచ్ సార్ అంటారు.

అనంతపురంలో కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు రైట్ వింగ్ ఆడినదాన్ని నేను. పెళ్లయిన కొత్తలో అత్తయ్య మా జట్టు ఫోటో చూసి, "నిక్కరేసుకుని పరిగెత్తిన సంగతి చర్చిలో ఎవరితోనూ అనకమ్మా," అంది. "ఇప్పుడు నువ్వేం ఆడతావులే," అని స్టాన్లీ నవ్వాడు. ఆ నవ్వుతోనే నా ఆట అయిపోయింది. తర్వాత బ్యాంకు ఉద్యోగం, వంట, కూతురు కెజియా. కాలనీ పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిస్తానని అతనన్న రోజు మాత్రం నాలో ఏదో లేచి కూర్చుంది. అతని నోటితోనైనా నా ఆట మైదానంలోకి వెళుతుంది కదా అనుకున్నాను. పైగా నా కూతురు ఆడుతోంది. శనివారం సాయంత్రాలు దాని మేజోళ్లకు అంటిన ఎర్రమట్టి ఉతుకుతూ పొంగిపోయేదాన్ని.

శనివారాలు నాకు బ్యాంకు, బ్యాంకు సెలవైతే ఇంటి పని, అందుకే ఒక్కసారీ చూడలేదు. ఆ శనివారం సెలవు వచ్చింది, పని పక్కన పెట్టి వెళ్లాను. గేటు దగ్గర ఓ పిల్లాడి తండ్రి తిమ్మరాయప్ప ఎదురొచ్చాడు.

"మీ ఆయప్పకు బలే తలకాయ ఉండాదమ్మా! మా వోడు ముందైతే వరసలో నిలబడమంటే ఏడ్చేవోడు. ఇప్పుడు తలా ఒక బాలు. ఏం ఉపాయమప్పా!"

నవ్వాను. అలవాటే.

లోపల మగపిల్లలు దొంగా పోలీసు ఆడుతున్నారు. నా కళ్లు కెజియాని వెతికాయి. మైదానం గీతకు ఇవతల, పక్కింటి సమీనాతో కలిసి నిలబడి ఉంది. ఇద్దరి చేతుల్లోనూ నీళ్ల జగ్గులు.

"దెబ్బ తగిలిందా?" అన్నాను.

"లేదు మమ్మీ. గర్ల్స్ వాటర్ ఇవ్వాలి. డాడీ చెప్పారు."

"ఎప్పట్నుంచి?"

"స్టార్టింగ్ నుంచీ."

ఇన్నాళ్లూ నేను ఉతికిన మట్టి, పరిగెత్తే మగపిల్లల వెంట నీళ్లు పట్టుకు తిరిగిన మట్టి. వంటింట్లో నిలబడి నేను చెప్పిన ఆట నా కూతురిని కూడా గీత ఇవతలే నిలబెట్టింది. దానికి ఎనిమిదేళ్లు. అడగాలని కూడా దానికి తోచలేదు.

స్టాన్లీ గబగబా వచ్చాడు. "సీన్ చెయ్యకు. బాయ్స్ ఫాస్ట్‌గా ఉంటారు, వీళ్లకి దెబ్బలు తగిలితే ఎవరు రెస్పాన్సిబుల్? అయినా వీళ్లనీ ఇన్‌వాల్వ్ చేస్తున్నాగా."

చెప్పులు విప్పాను. చున్నీ నడుముకి బిగించి, బంతుల సంచిలోంచి ఒకటి తీసి నేల మీద వేశాను. "జగ్గులు కింద పెట్టి నన్ను పట్టుకోండి!" అని పరుగెత్తాను. బంతి నా పాదాన్ని వదల్లేదు. ఒళ్లు బరువెక్కినా కాలు మరిచిపోలేదు. ఆడపిల్లలు కేరింతలు కొడుతూ వెంటపడ్డారు. మగపిల్లలు ఆట ఆపి చూస్తున్నారు.

కెజియా ఒగరుస్తూ నన్ను అందుకుంది. దాని కళ్లు ఇంతింతయ్యాయి.

"మమ్మీ! డాడీ నీకెప్పుడు నేర్పించారు?"

ఆగిపోయాను. జగ్గుల్ని చూసినప్పటికన్నా ఎక్కువ అదిరిపడ్డాను. నన్ను మమ్మీ అని పిలిచే ఈ పిల్లకి నేనెవరో తెలియదు.

"డాడీకి నేర్పించిందే నేను," అన్నాను. గేటు దగ్గరున్న తిమ్మరాయప్పకి కూడా వినపడింది.

స్టాన్లీ ముఖం పాలిపోయింది. "మార్తా, ఇంటికి పద," అన్నాడు గొంతు తగ్గించి.

నేను గొంతు తగ్గించలేదు.

"ఆట అయ్యాక వస్తాను."