లిమా పోయిన ముగ్గురాడవాళ్ళు

రామలక్ష్మి దక్షిణ అమెరికాను రుబ్బురోలు దగ్గర నేర్చుకుంది. గోడకవతల వసారాలో భర్త నరసింహారావు హైస్కూలు పిల్లలకు భూగోళం ప్రైవేటు చెప్పేవాడు. ఇవతల ఆమె మినప్పప్పు రుబ్బుతూ, పొత్రం చప్పుడు కాస్త తగ్గించుకుని వినేది. ఒకసారి అన్నం వడ్డిస్తూ, "ఆ లిమా పట్నంలో వాన ఎందుకు పడదండీ?" అని అడిగింది. "ముందు చారులో ఉప్పెందుకు పడలేదో చెప్పు," అన్నాడాయన. మాట భలే కుదిరిందని తనే మురిసిపోయి మర్నాడు పిల్లలకీ చెప్పాడు. వాళ్ళు పగలబడి నవ్వారు. ఆ నవ్వు వింటుంటే గోడకివతల రామలక్ష్మికి తల కొట్టేసినట్టయింది. మళ్ళీ ఆయన్ని ఏదీ అడగలేదు.

అడక్కపోయినంత మాత్రాన మనసు ఊరుకుంటుందా? ఆ ఇంట్లో ఆమెకు కూర్చునే తీరిక దొరికేది నెలకోసారి, బయట చేరిన మూడు రోజులే. పొయ్యి ముట్టుకోకూడదు, నీళ్ళు తోడకూడదు. దొడ్లో నాపరాళ్ళు పరిచిన పాకలో ఓ చాపా చెంబూ పడేసేవారు. ఎటూ మైలే కాబట్టి దగ్గరికి ఎవరొచ్చి కూర్చున్నా అత్తగారు పట్టించుకునేది కాదు. మైలబట్టల కోసం వచ్చే చాకలి పోలమ్మ, వెనక సందులో లాంతర్లు బాగుచేసే మౌలాలీ భార్య హజ్రా బీ అక్కడికే చేరేవాళ్ళు. యుద్ధం అయిపోయినా నరసరావుపేటలో కిరసనాయిలు దొరక్క మౌలాలీకి పని లేదు, హజ్రా బీకి ఇంట్లో నిలబడబుద్ధి కాదు. ముగ్గురూ కలిసి లిమా పోయేవాళ్ళు.

రామలక్ష్మి పెంకుముక్కతో రాతిమీద గీసేది. ఇదిగో సముద్రం, ఇది కయావో రేవు, ఏటి వెంబడి నడిస్తే ఊరు.

"రేవులో మంచి బండలుంటయ్యా అమ్మగోరూ?" అనేది పోలమ్మ. ఆమెకు రేవంటే బట్టలుతికేదే. అది ఓడలు ఆగే రేవని ఎంత చెప్పినా, ఓడలు ఆగితే నీళ్ళు మురికైపోవా అని బెంగ పెట్టుకునేది. "వాన పడదంటివి, మంచు దిగుద్దంటివి. మరి ఆ ఊరోళ్ళ బట్టలు ఆరేదెట్టా?"

వెనకటి కాలంలో ఆ ఊరి ఆడవాళ్ళు ఒక్క కన్ను తప్ప మొహమంతా కప్పుకుని బజార్లు తిరిగేవాళ్ళనీ, కట్టుకున్నవాడు కూడా పోల్చుకోలేకపోయేవాడనీ చెప్పినప్పుడు హజ్రా బీ బుగ్గలు నొక్కుకుంది. "యా అల్లా! మొగుడికి తెలవకుండా బజారంతా తిరగొచ్చా? అక్కా, రేపు కూడా ఈడనే ఉందాం."

ఉన్నారు. సముద్రపొడ్డున పడిపోయిన పాత మట్టి గుళ్ళు చూశారు. మబ్బుల్లోకి ఎక్కే కొండరైలు కోసం స్టేషను చేరుకున్నారు. అంతలో స్నానం చేయాల్సిన రోజు వచ్చి పడింది.

ఆ తర్వాత బెల్లంకొండ నుంచి చుట్టాలు దిగారు. ఇంటెడు వంట, చాకిరీ, రాత్రికి కాళ్ళు పీకులు. రామలక్ష్మికి రైలు మీదే ధ్యాస. నెల సగం కూడా తిరగలేదు. ఓ పొద్దున అత్తగారు అప్పడాల పిండి కలపమంటే, "బయట చేరానత్తయ్యా," అనేసింది. అన్నాక చెవులు వేడెక్కిపోయాయి. తన నోట ఇంత అబద్ధం ఉందని ఆమెకే తెలియదు.

ఆ మధ్యాహ్నం రైలెక్కారు. పైకి పోయేకొద్దీ ఊపిరాడదని చెబితే హజ్రా బీ నిజంగానే ఎగపోసింది. పోలమ్మ రామలక్ష్మి మోకాలు గట్టిగా పట్టుకుంది. ముగ్గురి నవ్వులూ వంటింటిదాకా వినిపించాయి. అత్తగారికి అనుమానం వచ్చింది, దొడ్లోకొచ్చి నిలబడింది.

"ఏమే పోలీ, మైలబట్టలేసిందా?"

"ఏసిందమ్మగోరూ."

"ఏదీ, చూపిచ్చు."

చూపించడానికేముంది? పోలమ్మ చేతిలో ఉత్త మూటగుడ్డే ఉంది. ఆమె దాన్ని విప్పి పట్టుకుని తల దించుకుంది.

"అబద్ధపు ముట్టు!" అత్తగారి గొంతు వీధి వసారాదాకా పోయింది. "పని ఎగ్గొట్టడానికి ముట్టు నాటకమాడేదాన్ని నేనాడా చూళ్ళా. ఒరేయ్ నరసింహం, చూడరా నీ పెళ్ళాం భాగోతం!"

వసారాలో ప్రైవేటు పిల్లల చదువు టక్కున ఆగిపోయింది. నరసింహారావు వచ్చి, రాతిమీద గీతల్ని చూశాడు. అవేమిటని అడగలేదు. "ఛీ, సిగ్గు లేదూ?" అన్నాడు.

లేకపోవడమేం, కావలసినంత ఉంది. తన ఒంటి సంగతి పిల్లకాయలందరి చెవిన పడినందుకు సిగ్గు. తనకోసం పోలమ్మ అబద్ధమాడి, ఉత్త గుడ్డ పట్టుకుని నిలబడినందుకు ఇంకా సిగ్గు. నేల బీటలిచ్చి మింగేస్తే బాగుండుననిపించింది. అదంతా దిగమింగుతుంటే అడుగున మరొకటి తగిలింది. కాస్సేపు కూర్చుని నలుగురితో మాట్లాడుకోవడానికి ఒంటికి మైల ఎప్పుడొస్తుందా అని తను ఇన్నేళ్ళూ ఎదురుచూసింది. మైలను సెలవనుకుని సంబరపడింది. తల దించుకోవాల్సిందంటూ ఉంటే దానికే.

"లే. నాలుగు చెంబులు నెత్తిన పోసుకుని వంటింట్లోకి పద," అంది అత్తగారు.

హజ్రా బీ లేవబోయింది. రామలక్ష్మి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. పోలమ్మకు చాప మీద చోటిచ్చి జరిగింది. మొహం ఇంకా మండిపోతూనే ఉంది.

"నాకు మైలా లేదు, ఒంట్లో బాగోకపోవడమూ లేదత్తయ్యా. ఊరికే కూచున్నాను. రేపూ కూచుంటాను."