భ్రమరాంబ ముందుపన్నులో పదకొండు నెలలు

నేను ఒక సిమెంటు ముక్కను. సిమెంటనగానే ఇల్లు కట్టే బూడిదరంగు సరుకు అనుకునేరు. పుచ్చిన పంటిలో పెడతారే, అచ్చం పంటి రంగులోనే ఉంటుందే, అది నేను. నా అసలు పేరు కాంపోజిట్ ఫిల్లింగు. డాక్టర్లు తప్ప ఆ పేరుతో నన్ను పిలిచిన పాపాన ఎవరూ పోలేదు, లోకమంతా సిమెంటే అంటుంది. పోనీ, పేరు గురించి నాకు పట్టింపు లేదు. నా ఏడుపంతా దారం గురించి.

పుట్టింది ఏదో ఫ్యాక్టరీలో. మెత్తటి గాజుపొడీ జిగురూ కలిపి ముద్ద చేసి, వెలుతురు చొరని నల్లగొట్టంలో కూరి మూత బిగించారు. వెలుతురు తగిలితే బిగుసుకుపోయే జాతకం నాది. అలా చీకట్లో కూర్చుని తెనాలిలో డాక్టర్ సుకీర్తి క్లినిక్కు చేరాను. అక్కడే ఒకరోజు భ్రమరాంబ గొంతు విన్నాను. కొంగు చాటునుంచి వస్తున్నట్టు, నలిగిపోయి ఉంది ఆ గొంతు.

భ్రమరాంబ జాకెట్లు కుడుతుంది. చేతిపనిలో ఆ పేటలో ఆమెను మించినవాళ్ళు లేరు. "నోరు తెరిచి నవ్వి మూడేళ్ళయిందండీ డాక్టరుగారూ. జాకెట్టు బాగా కుదిరిందని కుట్టించుకున్నవాళ్ళు సంబరపడుతుంటే నేను తల దించుకుని కొంగు అడ్డం పెట్టుకుంటున్నాను" అంది. గొట్టంలో ముద్దగా ఉన్న నాకే జాలేసింది.

డాక్టరమ్మ నోట్లోకి చూసి, "మీరు దారం పంటితో తెంపుతారు కదూ" అంది. పై వరస ముందుపన్ను అంచున గాడి పడింది, ఆ పక్కనే పుచ్చు పట్టింది. ఏం చెయ్యొచ్చో ఆవిడ ఓపిగ్గా చెప్పింది. వెండి సిమెంటు గట్టిదే, దవడ పంటికి ఫరవాలేదు గానీ ముందు నల్లగా కనపడుతుంది. క్యాప్ వేయాలంటే మంచి పన్నును కూడా చుట్టూ అరగదియ్యాలి. అంచేత పంటి రంగుదే మేలు. "కానీ పుచ్చు నరానికి వెంట్రుకవాసి దూరంలో ఉంది. ఇది ఊడి మళ్ళీ పుచ్చిందంటే నరం తీసి క్యాప్ వేయాలి, అదీ నిలవకపోతే పన్నే పీకాలి. దారం తెంపడం ఇవాళ్టితో ఆఖరు." భ్రమరాంబ అలాగేనండీ అంది. ఎంత వినయంగా అందనుకున్నారు.

నమూనా పళ్ళ వరస పక్కన పెట్టి రంగు పోల్చారు. పుచ్చంతా తొలిచి, నన్ను పొరలు పొరలుగా అద్ది, నీలం లైటు వేశారు. రాయిలా బిగిశాను. నునుపు చేసి అద్దం చేతికిచ్చారు. భ్రమరాంబ నవ్విందట. నవ్విందట అని ఎందుకంటున్నానంటే, నేను ఆ నవ్వులోనే ఉన్నాను, నాకెలా కనపడుతుంది?

ఇంటికెళ్ళాక నాకు జరిగిన రాజభోగం ఏం చెప్పను. జామకాయ సన్నగా తరిగి పక్కపళ్ళతో తినేది. చెరుకు ముట్టలేదు. టీ తాగితే పుక్కిలించేది. మెత్తటి బ్రష్షుతో రెండుపూటలా తోమేది. చిన్న కత్తెర కొని, నాడా కట్టి మెళ్ళో కూడా వేసుకుంది. అబ్బ, గట్టెక్కాననుకున్నాను. కత్తెర కొన్న మర్నాడే మిషను ముందు కూర్చుంది. జాకెట్టుకి హుక్కు కుట్టి, ముడి వేసి, దారం పైకెత్తి, టక్. కత్తెర గుండెలమీద వేలాడుతూనే ఉంది.

జాకెట్టుకి ఆరు హుక్కులు. ఆరు ముళ్ళు, ఆరు టక్కులు. మరచిపోయి చేస్తోందని మొదట్లో సరిపెట్టుకున్నాను. మరుపు కాదు, ఆ చెయ్యి నోటికే అలవాటుపడింది, కత్తెర ఉందన్న సంగతే దానికి తెలియదు. కాయ కొరికితే నేను విరుగుతానని భయపడే మనిషి, దారం కొరికితే మాత్రం ఏమీ కాదనుకుంటే నేనెవరితో చెప్పుకోను? దవడలో పాతికేళ్ళ నాటి వెండి సిమెంటు ఒకటుంది. నల్లగా ఉంటాడు, ఎవరూ చూడరు, దారం జోలికి పోడు. హాయైన బతుకు. నాకు మాత్రం అంచున సన్నగా బీట వేసింది.

శ్రావణమాసం వచ్చింది. అంజనీదేవి అనే పొరుగావిడ పొద్దున్నే వచ్చి, "భ్రమరాంబక్కా, వ్రతం ఇవాళే, హుక్కులొక్కటే కదా, చప్పున కుట్టిచ్చెయ్" అని గుమ్మంలో నిలబడింది. ఆరో హుక్కు. పాలిస్టరు దారం. టక్ అన్నది ఈసారి దారం కాదు, నేను. ఊడిపోయి జాకెట్టు లైనింగు మీద పడ్డాను. భ్రమరాంబ నాలుకతో ఖాళీ తడుముకుంది. మరుక్షణం కొంగు నోటికి అడ్డం వెళ్ళింది, మూడేళ్ళ పాత కొంగే. అంజనీదేవి గుడ్డముక్కలన్నీ దులిపి నన్ను వెతికిపెట్టింది. భ్రమరాంబ నన్ను అరచేతిలో పెట్టుకుని, పన్ను పీకేస్తారే అంజనీ, అని ఏడ్చేసింది. కోపంతో ఉడికిపోతున్నవాణ్ణి, ఆ కన్నీళ్ళకి చల్లారిపోయాను.

ఆ పూటే క్లినిక్కుకి పరుగెత్తింది. "దీన్నే మళ్ళీ అంటించండి" అంది. ఊడింది మళ్ళీ అంటదని డాక్టరమ్మ తేల్చేసింది. "నరం దాకా పోలేదు, వెంటనే వచ్చారు కాబట్టి బతికిపోయారు. కొత్తది పెడతాను. ఇంకోసారి ఇలా వస్తే మాత్రం నా చేతిలో ఏమీ ఉండదు. అవునూ, మెళ్ళో అదేమిటి?"

"కత్తెరండీ."

"ఎందుకు?"

భ్రమరాంబ కత్తెరను కొంగు కింద దాచుకుంది. కొత్తది పెట్టించుకుని, వెళ్ళేటప్పుడు నన్ను కాగితంలో చుట్టి పట్టుకెళ్ళింది. ఇంటికొచ్చి హుక్కుల డబ్బాలో పడేసింది. ఆ డబ్బాకి మూత లేదు. హుక్కు కోసం వేళ్ళు పెట్టినప్పుడల్లా ముందు నేనే గుచ్చుకుంటాను. గుచ్చుకోగానే ఆ చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది, ముడి వేశాక మెడ దగ్గరికి పోతుంది. కత్తెర చప్పుడు ఎంత కమ్మగా ఉంటుందో అప్పుడు తెలిసింది. నోట్లో ఉండి పదకొండు నెలలు మొత్తుకుంటే వినలేదు మహాతల్లి, డబ్బాలో మౌనంగా పడుంటే వింటోంది.

నిన్న అంజనీదేవి మళ్ళీ వచ్చింది. వ్రతం నాటి జాకెట్టు అప్పుడే బిగుతైపోయిందనీ, తప్పంతా కుట్టుదేననీ దబాయించింది. భ్రమరాంబకి నవ్వాగలేదు. కొంగు ఎక్కడిదక్కడే ఉండిపోయింది. డబ్బాలోంచి మొదటిసారి ఆ నవ్వు చూశాను. పై వరసలో నా చోటు ఎక్కడా అని వెతికాను. ఎంత వెతికినా, ఏ పన్ను నాదో గుర్తుపట్టలేకపోయాను.