పొరల మధ్య నా ఇనుము

నేను ఒక ఉక్కు శ్రావణాన్ని, సన్నమొనల చిన్న పట్టుకారుని. కొలిమిలో పుట్టి, కంసాలి కొట్లో ముక్కుపుడకల రాళ్లు పట్టుకుంటూ ముప్పై ఏళ్లు గడిపాను. కొట్టు మూతపడ్డాక కంసాలి కొడుకు అప్పలాచారికి విశాఖలో ఒక ప్రయోగశాలలో ఉద్యోగం దొరికింది. నన్నూ జేబులో పెట్టుకొచ్చాడు.

అక్కడ వకుళ అనే పరిశోధక విద్యార్థిని గాజుబిళ్ల మీద రెండు పొరలు పూస్తుంది. వెంట్రుకను కొన్ని వేల చీలికలు చేస్తే ఒక్కో చీలిక ఎంతో, పొర అంత పలుచన. విడిగా ఏ పొరకీ అయస్కాంత గుణం లేదు. రెండూ తాకేచోట మాత్రం అది పుడుతుందని ఆమె నమ్మకం. బిళ్లను కొలిచే యంత్రంలో పెట్టడం నా పని. ప్లాస్టిక్ శ్రావణం ఉంది గానీ, పట్టు జారుతుందని దాన్నెవరూ ముట్టరు.

కొలిస్తే అయస్కాంతత్వం నిక్షేపంలా కనిపించింది. ప్రొఫెసర్ దక్షిణామూర్తిగారు పేపరు రాయించారు. అది అచ్చయితే వకుళ ఐదేళ్ల చదువు గట్టెక్కినట్టే. అప్పలాచారి మురిసిపోయి రోజూ నా మొనలు సానరాయి మీద నూరేవాడు. నూరినకొద్దీ అయస్కాంతత్వం పెరిగేది. పెద్దలు దానికి ఎనిమిది కారణాలు చెప్పారు. సానరాయి వాటిలో లేదు.

ఇంతలో బావమరిది పెళ్లని అప్పలాచారి నన్ను ప్రయోగశాలలోనే వదిలి వారం సెలవు పెట్టాడు. ఆ వారం పూసిన బిళ్లల్లో అయస్కాంతత్వం సగానికి పడిపోయింది.

అతను రాగానే వకుళ అడిగింది. "ఆచారి గారూ, మీరు లేక నా పొరలు బెంగెట్టుకున్నాయి. ఏం చేస్తారండీ వీటికి?"

"నానేటి సేస్తానమ్మా, శ్రావణం మొన నూరతాను. మొన మొద్దుబారితే పనోడు మొద్దుబారినట్టేనని మా నాన్న సెప్పీవోడు."

వకుళ వెంటనే ఏ పూతా లేని ఉత్త గాజుబిళ్లను నాతో పట్టి యంత్రంలో పెట్టింది. గాజు కాస్తా అయస్కాంతమై కూర్చుంది. మరో బిళ్లను ప్లాస్టిక్ శ్రావణంతో పెడితే ఉలుకూ పలుకూ లేదు. నా ఒంటినుంచి రాలిన ఇనుప నలుసులే ఇన్నాళ్లూ పేపరెక్కాయన్నమాట.

"రేపు పంపాల్సిన పేపరమ్మా," అన్నారు దక్షిణామూర్తిగారు నీరసంగా. "ఉత్త గాజు సంగతి ఎవరడుగుతారు?"

"నేనే అడుగుతున్నాను కదండీ."

పేపరు ఆగింది. బిళ్లలన్నీ మళ్లీ పూయడానికి ఏడు నెలలు పట్టింది. ప్లాస్టిక్ శ్రావణంతో పట్టి కొలిస్తే పాతదాంట్లో పదోవంతు మిగిలింది. ఎన్నిసార్లు కొలిచినా అంతే. అప్పలాచారి ఉన్నా అంతే, ఊరెళ్లినా అంతే. వకుళ యంత్రం తెర మీది ఆ చిన్న గీతను చూపించి, "ఇది నా పొరలదే," అంది. ఆ పదోవంతుకే డాక్టరేటు వచ్చింది.

మిగతా తొమ్మిది వంతులూ నావి. వాటికి నాకెవరూ పట్టా ఇవ్వలేదు. ఇప్పుడు అప్పలాచారి ఇంట్లో, వాళ్లావిడ అరికాలి ముళ్లు తీస్తున్నాను. ముల్లు వచ్చిందా లేదా, అక్కడ కొలత అంతే.