కోచ్‌గారి వేళ్ళు

చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. మా ఎమిల్ పావ్లిక్ విషయంలో కళ్ళు కాదు, నోరు చారెడయింది. అరవై నాలుగేళ్ళు బతికి ఒక్క జోకు కూడా వెయ్యని మనిషిని, అమెరికాలో మా మొనాంగహేలా లోయలోకెల్లా గొప్ప హాస్యగాడని పేపర్లో రాశారు. ఫోటో కింద పెద్దక్షరాలతో వాడన్న ఆ ఒక్క మాటా అచ్చువేశారు. ఆ మాట ఇక్కడ పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు.

ఎమిల్ మా ఊరి హ్యామర్స్ ఫుట్‌బాల్ జట్టులో తొమ్మిదేళ్ళు డిఫెన్స్ ఆడాడు. చేత్తో బంతి పట్టుకుని దూసుకొచ్చేవాణ్ణి పడగొట్టడం వాడి పని. పడగొట్టి, లేచి, అవతలివాడికి చెయ్యిచ్చి లేపి, "దెబ్బేమన్నా తగిలిందా?" అని అడిగేవాడు. వాడు వెటకారం చేస్తున్నాడనుకుని అవతలివాళ్ళు తిట్టేవారు. వాడు నిజంగానే అడిగేవాడు. నేను ఆ జట్టు సామాన్లవాణ్ణి, పేరు గస్ టోమ్కో. హెల్మెట్లు బిగించడం, బూట్లు బాగుచెయ్యడం, చెమట బట్టలు ఉతికించడం నా ఉద్యోగం. అందరి తలకాయల కొలతలూ నాకు తెలుసు గానీ, లోపల ఏముందో అడిగే అధికారం నాకు లేదు.

ఎమిల్‌కి జోకు చెప్పడం గోడకి చెప్పుకోవడమే. ఓసారి బార్లో ఎవడో పాదిరీ, చిలకా కథ చెప్పాడు. అందరూ కడుపు పట్టుకుని దొర్లుతుంటే మనవాడు బీరు పక్కన పెట్టి, "అయితే ఆ చిలక ఇప్పుడెవరి దగ్గరుంది?" అన్నాడు. 'ఎలా ఉన్నావు' అని పొరపాటున అడిగితే మోకాలి దగ్గర మొదలుపెట్టి మెడదాకా అరగంట చెప్పేవాడు. అలాంటి ముక్కుసూటి మనిషి వాడు.

ఇక కోచ్ డెల్మర్ హాస్కెట్‌గారు. దక్షిణాది నుంచి వచ్చారు. తలకి నూనె, నోట్లో చూయింగ్ గమ్, ఎప్పుడూ తియ్యని టోపీ. "నొప్పనేది మనసులో ఉంటుందిరా" అని కుర్రాళ్ళకి రోజూ పాఠం. ఆయనగారికి పన్ను నొప్పొచ్చినప్పుడు మాత్రం రెండ్రోజులు ప్రాక్టీసు లేదు. ఆ పన్ను మనసులో మొలిచింది కాదేమో మరి.

ఎవడికన్నా తలకి దెబ్బ తగిలితే కోచ్‌గారి వైద్యం ఒకటుండేది. మొహం ముందు రెండు వేళ్ళు పెట్టి, "ఎన్ని?" అనేవారు. "రెండు" అంటే వీపు మీద చరిచి మళ్ళీ మైదానంలోకి తోసేవారు. పదకొండేళ్ళలో ఆ చేతికి మూడో వేలు లేవగా నేను చూడలేదు. కొత్తగా చేరినవాడికి పాతవాళ్ళు మొదట నేర్పే విద్య అదే. "తల తిరిగిందా, ఏం అడిగినా రెండు అను." ఎంతోమందికి ఎమిల్ దగ్గరుండి నేర్పాడు. కళ్ళు తేలేసినవాళ్ళు కూడా రెండు, రెండు అంటూ పరిగెత్తిన సందర్భాలున్నాయి.

మాది ఉక్కు మిల్లుల ఊరు. పది వేళ్ళూ ఉన్న ముసలివాడు కనబడితే, ఏ బ్యాంకులో పనిచేశావని అడుగుతారిక్కడ. వేలు లేని చెయ్యి చూస్తే చూడనట్టు నటించడం మా దగ్గర అమర్యాద. "ఏ మిషనుకిచ్చావు?" అని అడగాలి. అతను మిల్లు పేరు, ఏడాది, ఆ రోజు ఫోర్‌మన్ ఎవడో చెప్తాడు. ఇద్దరూ కలిసి ఆ ఫోర్‌మన్‌ని తిట్టుకుంటారు. ఎమిల్ నాన్న మూడు వేళ్ళిచ్చాడు. మా నాన్న ఒకటే ఇచ్చాడు, పిసినారి.

ముప్ఫై మూడేళ్ళ కిందట, నవంబరు ఆఖరి ఆదివారం. నేలంతా బురద. ఆట ఇంకో పది నిమిషాలుందనగా ఎమిల్ ఒకణ్ణి ఎదురెదురుగా ఢీకొట్టాడు. ఆ చప్పుడు బెంచీ దాకా వినిపించింది. అవతలివాణ్ణి మోసుకుపోయారు. ఎమిల్ లేచి నింపాదిగా నడుచుకుంటూ వాళ్ళ బెంచీ వైపు వెళ్తుంటే నేను పరిగెత్తి, చొక్కా పట్టి ఇటు తిప్పుకొచ్చాను. కోచ్‌గారు ఎదురొచ్చి రెండు వేళ్ళు పెట్టారు.

"ఎన్ని?"

ఎమిల్ వంగి, ఆ చేతిని చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లగా, "కోచ్, మీ చేతికి వేళ్ళెక్కడున్నాయి?" అన్నాడు.

బెంచీ బెంచీ అంతా పేలిపోయింది. నీళ్ళు తాగుతున్నవాడికి ముక్కులోంచి వచ్చాయి. ఆ వేళ్ళ పరీక్ష ఉత్త బూటకమని పదకొండేళ్ళుగా అందరి కడుపులో ఉన్న మాట ఒకడు మొహం మీద అనేశాడనుకున్నారు. వెనక జట్టు యజమాని, పక్కన పేపర్లవాళ్ళు. కోచ్‌గారి మొహం కందగడ్డయింది.

"నా మీదే జోకులేస్తావా? హెల్మెట్ తియ్! ఇక నా జట్టులో నీకు చోటు లేదు, పో!"

ఎమిల్ తీశాడు. వచ్చి నా పక్కన కూచున్నాడు. కూచుని నన్ను ఒక మాట అడిగాడు. ఆ మాట మాత్రం ఎవరికీ తెలియదు. దాన్ని నేను ముప్ఫై మూడేళ్ళు కడుపులోనే దాచుకున్నాను.

వారం తిరక్కుండా ఎమిల్‌ని ఎక్కడో ఎడారి ఊళ్ళో జట్టుకి సాగనంపారు. అక్కడ సగం సీజను ఆడి తిరిగొచ్చి, హైస్కూల్లో బాయిలర్ దగ్గర పనికి కుదిరాడు. కోచ్‌గారు మళ్ళీ వాడి మొహం చూడలేదు. రిటైరయ్యాక మాత్రం ఆ కథని తనే చెప్పుకోవడం మొదలుపెట్టారు, ఎక్కడికి పిలిస్తే అక్కడ, తనెంత సరదా మనిషో చూపించడానికి. ఊరికి పండగే. బార్లో బోర్డు కట్టారు, బనియన్ల మీద ఆ మాట అచ్చేశారు. ఇక దగ్గరుండి చూసినవాణ్ణి నేనే కదా, ఉప్పూ కారం దట్టించి చెప్పేవాణ్ణి. చెప్పిన ప్రతిసారీ ఎవడో ఒకడు నా ముందు బీరు పెట్టేవాడు. సిగ్గులేనివాణ్ణి, తాగేవాణ్ణి.

మూడు వారాల కిందట ఎమిల్ పోయాడు. ఈస్టరు ముందు ఉపవాసాల రోజులు కదా, శుక్రవారాలు మాంసం మానేసి ఫైరింజన్లవాళ్ళ హాల్లో ఎలాగూ మధ్యాహ్నం చేపల భోజనాలుంటాయి, ఓ శుక్రవారం నాడే వాడి సంస్మరణ కూడా పెట్టుకుందామన్నారు. ఫోటో, ఓ దండ, కోచ్‌గారి ఉపన్యాసం. ఖర్చు కలిసొస్తుంది, చేపా కలిసొస్తుంది.

దానికి రెండ్రోజుల ముందు, బుధవారం, హాలు వంటింట్లో పియరోగీల పని జరుగుతోంది. ఆడవాళ్ళు పిండి ఒత్తి, మధ్యలో బంగాళాదుంప కూర పెట్టి, అంచులు నొక్కుతున్నారు. నేను దుంపలు ఒలుస్తున్నాను. ఎమిల్ భార్య వెరా వచ్చి నా పక్కన స్టూలు లాక్కుంది.

"గస్, ఆ రోజు బెంచీ మీద ఆయన నీ చెవిలో ఏదో అడగడం చూశామన్నారు జట్టువాళ్ళు. ఏమడిగాడు?"

"ఎప్పుడో మాట వెరా, ఎవరికి గుర్తుంటుంది?" అని నీళ్ళు నమిలాను.

"నీకు గుర్తుంటుంది. ఆ కథలో కోచ్ ఏ కాలితో నేల తన్నాడో కూడా చెప్తావు, బీరు పోస్తే."

నేను దుంప వైపు చూశాను.

"ఆఖరి రెండేళ్ళూ ఆయనకి నా పేరు కూడా ఉండుండి పోయేది," అంది. "అయినా బయటికి తీసుకెళ్తే చాలు, ప్రతి వెధవా మొహం మీద వేళ్ళు పెట్టడమే. 'ఎన్ని ఎమిల్? ఎన్ని?' వాళ్ళకి సరదా. ఆయన ఆగి లెక్కపెట్టేవాడు. తప్పవుతుందేమోనని ఒళ్ళంతా చెమటలు. ఇంటికొచ్చి స్నానాల గదిలో అద్దం ముందు చెయ్యి పెట్టుకుని లెక్క నేర్చుకునేవాడు. 'సరిగ్గా చెప్పానా వెరా?' అని నన్నడిగేవాడు. విన్నావా?"

"విన్నాను."

"మా ఆయన జన్మలో జోకు వెయ్యలేదు. నాకు తెలుసు, నీకూ తెలుసు. శుక్రవారం ఆ హాస్కెట్ వచ్చి మళ్ళీ అదే చెప్తాడు, అందరూ మళ్ళీ నవ్వుతారు. పోయినవాడి మీద ఆ ఒక్క నవ్వు ఆగాలి, నాకింకేం వద్దు. నువ్వు లేచి చెప్పు."

"చెప్తాలే," అన్నాను. చెప్పేవాణ్ణే అయితే ముప్ఫై మూడేళ్ళు ఎందుకాగుతాను?

శుక్రవారం హాలు కిటకిటలాడింది. చేప ముక్క రొట్టె దాటి రెండు వైపులా చెరో జానెడు వేలాడుతోంది. కోచ్‌గారిని ఇద్దరు పట్టుకుని వేదిక ఎక్కించారు. ఎనభై మూడేళ్ళు, తల మీద అదే టోపీ. కళ్ళకి గాజు సీసాల అడుగులంత మందం అద్దాలు. నన్ను చూసి, "ఎవరూ, పాదిరీనా?" అన్నారు. నేను సర్దుకుని నా చేప దగ్గరికి వచ్చేశాను.

ఆయన మైకు పట్టుకున్నారు. ఎమిల్ ఎంత మొండివాడో, తనెంత ప్రేమించారో, ఎందుకు విడిపోయారో చెప్పారు. "నాకు బాధ లేదు. అంత మంచి జోకు వేసినవాణ్ణి ఎవడు మాత్రం క్షమించడు?" అన్నారు. క్షమించడానికి ముప్ఫై మూడేళ్ళూ, వాడి చావూ కావాల్సొచ్చాయి ఈ మహానుభావుడికి. తర్వాత చెయ్యి పైకెత్తి రెండు వేళ్ళు చూపించారు.

"ఎన్ని?"

హాలంతా ఒక్క గొంతుతో "రెండు!" అని అరిచింది. వెంటనే "కోచ్, మీ చేతికి వేళ్ళెక్కడున్నాయి?" అని ఓ పక్క నుంచి అందుకున్నారు. బల్లలు దడదడా చరిచారు. గోడ మీద ఫోటోలో ఎమిల్ ఎవరన్నా పిలిస్తే పలుకుదామన్నట్టు చూస్తున్నాడు.

లేవాలి. లేవలేదు. కుక్కిన పేనులా కూచుని, చేపలో లేని ముల్లు ఏరుతున్నాను.

వంటింటి తలుపు తోసుకుని వెరా వచ్చింది. ఏప్రన్ మీద పిండి, చేతులకి పిండి. నా బల్ల పక్కనుంచే వెళ్ళింది, నా వైపు చూడలేదు. వేదిక ముందుకెళ్ళి, కోచ్‌గారికి రెండు గజాల దూరంలో నిలబడి చెయ్యెత్తింది. పిడికిలి బిగించి ఉంది. ఒక్క వేలు కూడా బయట లేదు. హాలంతా చూస్తోంది.

"కోచ్‌గారూ, ఎన్ని?"

ఆయన సరదాగా ముందుకి వంగారు. కళ్ళు చికిలించారు. ఇంకాస్త వంగారు. తర్వాత ధీమాగా నవ్వి, "రెండు!" అన్నారు.

ముందు వరసలో ఎవడో కిసుక్కుమన్నాడు. పక్కవాడు మోచేత్తో పొడిచాడు.

వెరా చెయ్యి దించలేదు. "చూశారా? ఈయన జోకు వెయ్యలేదు. పాపం, కనబడలేదు. మా ఆయనకీ ఆ రోజు కనబడలేదు. కాకపోతే మా ఆయన అబద్ధం చెప్పలేదు, అంతే తేడా."

కోచ్‌గారి నవ్వు జారిపోయింది. "ఎవరమ్మా నువ్వు? ఎవరు చెప్పారు నీకు కనబడలేదని? వాడు కావాలనే అన్నాడు. నన్ను నలుగురిలో నవ్వులపాలు చేశాడు. సాక్ష్యం ఉందా?"

వెరా నా వైపు వేలు కూడా చూపించలేదు. వెనక్కి తిరిగి నన్ను చూస్తూ నిలబడింది. ఆమె చూస్తుంటే ఒక్కొక్క బల్లా నా వైపు తిరిగింది. నా కాళ్ళు నన్నడక్కుండానే లేచాయి.

"నేను గస్‌ని, కోచ్. సామాన్లవాణ్ణి," అన్నాను. "మీరు తిట్టి పంపాక వాడు నా పక్కన కూచున్నాడు. చెవిలో అడిగాడు. 'గస్, పాపం, కోచ్ వేళ్ళన్నీ ఏ మిషనుకిచ్చాడురా?' అన్నాడు. కళ్ళనిండా నీళ్ళు వాడికి. మీ కోసం."

ఒక్కరూ నవ్వలేదు. ముందు బల్ల దగ్గర కూచున్న మిల్లు ముసలాళ్ళు, నాలుగు వేళ్ళవాళ్ళు, మూడు వేళ్ళవాళ్ళు, ఆ చేతులు బల్ల మీదే పెట్టుకుని కోచ్‌గారి వైపు చూస్తున్నారు. కోచ్‌గారు తన చెయ్యి అద్దాల దగ్గరికి తెచ్చుకుని, తిప్పి తిప్పి చూసుకున్నారు. తలెత్తి, నేనున్న వైపు కాక కిటికీ వైపు చూస్తూ అడిగారు.

"మరి నువ్వేమన్నావు వాడితో?"

వెరా కూడా అదే వినాలని నిలబడింది. ముప్ఫై మూడేళ్ళలో ఈ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు, నేను కూడా వేసుకోలేదు.

"ఏమనలేదు కోచ్," అన్నాను. "నవ్వాను."