పిందె మీదికి చాచిన కుంచె

ప్రవీణ ఆయిల్ పెయింటింగ్ నేర్చుకుంటానన్నప్పుడు ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు. వారమంతా హైటెక్ సిటీలో ఇతరుల తప్పులు వెతికే టెస్టింగ్ ఉద్యోగం, రానూపోనూ ట్రాఫిక్. ఆదివారం పూట రంగులు కలుపుకుంటే ఎవరి సొమ్మేం పోయింది? గొడవంతా ఆమె దేని బొమ్మ వేయబోయిందో అక్కడొచ్చింది.

నిజాంపేటలో వాళ్ల ఫ్లాట్ తొమ్మిదో అంతస్తు. బాల్కనీ నిండా అత్తగారు అమ్మణ్ణి పెంచిన వంగ, టమాటా, బెండ. వాటన్నిటికీ మహారాణి గ్రిల్లంతా అల్లుకున్న ఆనపతీగ. కోనసీమ నుంచి తెచ్చిన పొడుగుకాయ రకం, ఆఖరి గింజ. ఇది కాసి ముదిరితేనే మళ్లీ విత్తనం. ప్రవీణ ఆ తోటనే కాన్వాసుకెక్కించాలనుకుంది.

మూసాపేటలో బొమ్మలు నేర్పే రవీందర్ సారు, ఆయిల్ రంగులు వారమైనా ఆరవు కాబట్టి తొందరేం లేదని చెప్పి, కొలత పట్టడం చూపించాడు. చెయ్యి బారుగా చాచి, కుంచె నిలబెట్టి, ఒక కన్ను మూసి చూడాలి. ప్రవీణ బుద్ధిగా అలాగే, అప్పుడే తొడిగిన పిందె మీదికి కుంచె చాచింది. వెనక కాఫీ తెస్తున్న అమ్మణ్ణి గుమ్మంలోనే ఆగిపోయింది. లేతపిందెను వేలెత్తి చూపిస్తే రాలిపోతుందని నమ్మే మనిషి ఆవిడ. వేలు మడిచి తప్ప ఏనాడూ చూపించి ఎరగదు. ఈ పిల్లేమో వేలికి తోడు కర్ర కూడా పెట్టి, కన్ను మూసి గురి చూస్తోంది.

పిందె పసుపెక్కి రాలనే రాలింది. తర్వాతదీ అంతే. అమ్మణ్ణి అరవలేదు, అదే ప్రవీణకు నరకం. కాన్వాసు నిలబెట్టిన ఈజిల్‌ను తనే హాల్లోకి లాగి, కాయ కాసేదాకా కుంచె బాల్కనీలోకి రాకూడదంది. భర్త బాలు ఇద్దరి మధ్యా నోరు మెదపకుండా బతకడం ఎప్పుడో నేర్చుకున్నాడు. వారం మొత్తంలో తనకంటూ ఉన్న ఒక్క పనీ పోయిందని ప్రవీణకు ఏడుపొచ్చింది.

ఆ ఉక్రోషంలోనే సగం బొమ్మను ముందేసుకుని కూర్చుంది. తను వేసిన తెల్లపూలన్నీ ఒక్కలాంటివి కావు. కొన్నిటి వెనక బుల్లి పిందె, కొన్నిటికి వట్టి కాడ. చూసింది చూసినట్టు వేసింది గానీ ఎందుకని ఆలోచించలేదు. పిందె నిలవాలంటే వట్టి కాడ ఉన్న మగపువ్వు పుప్పొడి పిందె ఉన్న ఆడపువ్వుకు చేరాలి. ఇంత ఎత్తుకు ఏ తేనెటీగ, ఏ పురుగు వస్తుంది? బొమ్మ వేసినన్నాళ్లూ ఒక్కటీ కనబడలేదు.

సాయంత్రం కొత్త మెత్తటి కుంచె పట్టుకుని వెళ్లి సంగతి చెప్పింది. అమ్మణ్ణి ఆ కుంచెను అనుమానంగా చూసింది. తీగకు మిగిలింది ఒక్క ఆడమొగ్గ.

"ఇదీ రాలితే?"

"బొమ్మలు మానేస్తానండీ, అత్తయ్యగారూ."

అనేశాక ప్రవీణకే భయం వేసింది.

పొద్దువాలి పూలు విచ్చుకున్నాక, అమ్మణ్ణి తీగ వంచి పట్టుకుంటే, ప్రవీణ మగపువ్వు పుప్పొడిని కుంచెకు అంటించి ఆడపువ్వు నడుమ మెల్లగా రాసింది. ఆ తర్వాత ఆఫీసులో ఉన్నా మనసంతా దాని మీదే. రోజూ ఫోన్ చేస్తే అమ్మణ్ణి పిందె ఉందని చెప్పేది. ఎంతయిందో మాత్రం చెప్పేది కాదు, దిష్టి తగులుతుందని.

పిందె నిలిచింది. మెడ సాగి జానెడు దాటింది. ఆ ఆదివారం ప్రవీణ లేచేసరికి ఈజిల్ బాల్కనీలో ఉంది. ఆమె కుంచె తీసి, అలవాటు కొద్దీ చెయ్యి చాచబోయి, అత్తగారిని చూసి ఠక్కున దించేసింది.

అమ్మణ్ణి వచ్చి ఆ చేతిని తనే పట్టుకుని ఎత్తింది.

"సరిగ్గా కొలుచుకోమ్మా. బొమ్మలో నా కాయ పొట్టిదైతే ఊరుకోను."