లాంతరు ఏ చేతిలో

భూతద్దం అనేది గ్రూపులో ఆయనకు పెట్టిన పేరు. సినిమా పాత్రల బొమ్మలు కొని అద్దాల బీరువాల్లో దాచుకునేవాళ్ళ గ్రూపు అది. కొత్త బొమ్మ ఏది బయటికొచ్చినా ముందు దాని ఫొటో అక్కడ పడేది. వెంటనే వాదన మొదలయ్యేది, తెర మీద ఉన్నది ఉన్నట్టు దిగిందా లేదా అని. ఊడిపోయిన చొక్కా గుండీ పైనుంచి రెండోదా మూడోదా, చెప్పుకు బురద అంటింది వాన సీనుకు ముందా తర్వాతా, ఇలాంటి వాటి మీద పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసే మగవాళ్ళు మాటకు మాట అనుకుని మొహాలు మాడ్చుకునేవారు. చివరికి ఎవరో ఒకరు, భూతద్దం గారేమంటారో చూద్దాం అనేవారు. నక్షాలు గీసే ఉద్యోగంలో కళ్ళరగదీసుకుని రిటైరైన ఆ పెద్దమనిషి సినిమాను ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ ఆపి చూసి ఒక్క ముక్క రాసేవారు. దాంతో రగడ చల్లారేది.

ఈ పిచ్చి ఆయన భార్యకు పెళ్ళయిన కొత్తలో నవ్వు తెప్పించింది. తర్వాత విసుగు పుట్టించింది. ఆ తర్వాత ఎప్పుడో, తెలియకుండానే, ఆమెకూ కాస్త అంటుకుంది. కోడిగుడ్డు మీద ఈకలు పీకుతున్నారని ఎగతాళి చేస్తూనే, బీరువాలో దుమ్ము మాత్రం ఇంకొకరికి వదలకుండా మెత్తని కుంచెతో తనే దులిపేది.

బీరువాలో నడిమి అర ఖాళీగా ఉండేది. అది పడవవాడి కోసం. ఆయన చిన్నప్పుడు చూసిన పాత సినిమాలో జనాన్ని ఏరు దాటించే మనిషి. ఆఖరి సీనులో, గాలివానలో, తెరచాప కొయ్య విరిగి అతని కుడి భుజం మీద పడుతుంది. ఆ చేతిని గుడ్డతో గుండెకు కట్టేసుకుని, ఎడమచేత్తో లాంతరు ఎత్తి పట్టుకుని, వెనక వచ్చే పడవలకు దారి చూపిస్తూ నిలబడతాడు. ఆ బొమ్మను ఏ కంపెనీ తీసుకురాలేదు. అంత పాత సినిమా బొమ్మ ఎవరు కొంటారని వాళ్ళ లెక్క. చివరికి ఆయన స్నేహితుడే, బొమ్మలు చేసే శిల్పి, నీ పోరు పడలేను బాబూ, నేనే చేస్తానని ఒప్పుకున్నాడు.

మట్టి నమూనా ఫొటో వచ్చిన మధ్యాహ్నం ఆమె ఎదురుగా కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. ఆయన ఫొటోను పెద్దది చేసి చూశారు. కనుబొమలు ముడిపడ్డాయి.

"వీడికి మతి గానీ పోయిందా? లాంతరు కుడిచేతిలో కదా ఉండాలి."

తమాషాకి అంటున్నారనుకుని ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు. అదే మాట గ్రూపులో రాశారు.

ముందు అందరూ ఆటపట్టించారు. భూతద్దానికి బీట పడింది అని ఒకాయన రాశాడు. ఇంకొకరు సినిమాలోంచి ఆ సీను ఫొటో తీసి పెట్టారు. దాన్ని అటుదిటు తిరగేశారని ఆయన వాదించారు. సినిమా వేసి చూపిస్తే, ఇది కొత్తగా బాగుచేసిన ప్రింటు, అసలుది నేను హాల్లో చూశాను అన్నారు. పట్టిన పట్టు వదల్లేదు. కొన్నాళ్ళకు వాదన దానంతటదే ఆగిపోయింది. ఆయన ఏం రాసినా కింద, అలాగే సార్, మీరన్నదే నిజం సార్ అని రావడం మొదలైంది. ఆయన గెలిచాననుకున్నారు. ఆ మర్యాద చూసి ఆమెకు భయం వేసింది.

గ్రూపులో మొండిఘటం అని ఒకాయన ఉండేవాడు. ప్రతి వాదనలోనూ ఈయనకు ఎదురు నిలిచి, ప్రతిసారీ ఓడిపోయిన మనిషి. ఆయన ఒకరోజు ఆమెకే ఫోన్ చేశాడు. మాట ఎలా ఎత్తాలో తెలియక వాతావరణం గురించి కాసేపు మాట్లాడి, చివరికి, "సార్‌ని ఒకసారి డాక్టరుకి చూపించండి వదినగారూ" అన్నాడు.

చూపించింది. గడియారం బొమ్మ గీయమన్నారు, పేర్లు చెప్పి కాసేపయ్యాక అడిగారు, తలకు స్కాన్ తీశారు. ఇది ముందుకే వెళ్ళే జబ్బని, వెనక్కి రావడం ఉండదని డాక్టరు ఆమెను పక్కకు పిలిచి చెప్పింది. ఆయనతో మాత్రం ఆమె, వయసుకి వచ్చే నీరసమట, మాత్రలు వాడితే సరిపోతుందట అంది. జీవితమంతా తప్పులు పట్టిన మనిషి, తన తలలోనే తప్పు దొర్లుతోందని తెలిస్తే తట్టుకోలేడని ఆమె భయం. ఆయనకు ఆ సంగతి తెలియకుండా ఉంటే చాలు, మిగతాదంతా తను మోస్తుంది.

అందుకే ఒకరోజు మందులకని చెప్పి శిల్పి షెడ్డుకు వెళ్ళింది. గోడ పొడవునా తీగలకు తలలు, చేతులు విడివిడిగా వేలాడుతున్నాయి. బొమ్మలు పోసే రెసిన్ వాసనకు కళ్ళు మండాయి. పడవవాడి బొమ్మ అప్పటికే అచ్చులోంచి బయటికొచ్చి, రంగుల కోసం బల్ల మీద నిలబడి ఉంది. చేతులు మార్చమని ఆమె అడిగింది. కుడిచేతికి లాంతరు ఇమ్మంది, ఎడమచేతిని గుండెకు కట్టమంది. శిల్పి ఒప్పుకోలేదు. తెలిసి తెలిసి తప్పు చెయ్యడం తన వల్ల కాదన్నాడు. నలుగురూ చూస్తే తన పరువేం కావాలన్నాడు.

"చూసేది ఆయనొక్కరే అన్నయ్యా" అంది ఆమె.

అతను తల తిప్పుకుని రంపం అందుకున్నాడు.

బొమ్మ ఇంటికొచ్చిన రోజు ఎండ బాగా కాస్తోంది. పెట్టెలోంచి తీసి, ఆయన దాన్ని కిటికీ దగ్గర పెట్టారు. గడ్డం, కనుగుడ్ల ఎరుపు, చొక్కా మీద తడి మరకలు, అన్నీ ఒక్కొక్కటిగా చూసుకుంటూ వచ్చారు. ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి ఆ మొహం వెలగడం కోసం ఎదురుచూసింది.

"ఇది తప్పు" అన్నారు ఆయన.

ఆమెకు అర్థం కాలేదు.

"భుజం విరిగింది కుడివైపు. విరిగిన చేత్తో లాంతరు ఎలా ఎత్తుతాడు? ఎడమచేతిలో ఉండాలి." గొంతు ఎప్పటి గొంతే. అంత స్పష్టమైన మాట ఆయన నోట విని చాలాకాలమైంది. సంతోషించాలో ఏడవాలో ఆమెకు తెలియలేదు. పోనీలెండి, ఎక్కడో పొరపాటు జరిగి ఉంటుంది అని సర్దబోయింది.

ఆయన వినడం లేదు. బొమ్మను వెలుతురుకు అటూ ఇటూ తిప్పుతున్నారు. బొటనవేలి గోటితో భుజం కింద గీరి చూశారు.

"రెండు భుజాలూ కోసి అతికించారు. పైన రంగు కప్పారు. ఇది పొరపాటు కాదు, కావాలని చేసింది. నన్నడక్కుండా వాడు ఇంత పని చెయ్యడు. ఎవరు చెప్పారు?"

"నేనే చెప్పాను."

"నీకు తెలుసుగా. నాతో ఎన్నిసార్లు చూశావు."

ఆమె తలవంచుకుంది. ఆయన ఆమెను కూడా అలాగే చూశారు, బొమ్మను చూసినట్టే, ఓపిగ్గా, ఏ వంపునూ వదలకుండా. తర్వాత నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నారు.

"అయితే కుడిచెయ్యని నేనే అన్నానన్నమాట."

ఆమె గుమ్మం దాటి గదిలోకి వచ్చింది.

"ఇంకా ఏమేం తప్పు చెప్తున్నాను?"

అబద్ధం ఆడదామనే అనుకుంది. ఆ కళ్ళ ముందు కుదరలేదు. పక్కింటాయన్ని పాత ఆఫీసు మేనేజరనుకుని సెలవు అడిగిన సంగతి చెప్పింది. స్నానం చేసి వచ్చి మళ్ళీ స్నానానికి వెళ్ళడం, తిరిగొచ్చే దారి తెలియక వీధి చివర నిలబడిపోవడం, డాక్టరు అసలు ఏమందో, అంతా చెప్పింది. నక్షాలో కొలతలు సరిచూసుకుంటున్నట్టు ఆయన ఒక్కో దానికీ తలూపుతూ విన్నారు.

"గ్రూపులో వాళ్ళకి?"

"తెలుసు."

"మొండిఘటానికి కూడానా?"

"ముందు ఫోన్ చేసిందే ఆయన."

ఆయన నవ్వారు. "ఇన్నాళ్ళకి గెలిచాడు పాపం" అన్నారు. ఆ నవ్వు అలాగే ఉండగానే కళ్ళు నిండాయి. ఆమె దగ్గరికి వెళ్ళబోతే వద్దని చెయ్యెత్తారు. కాసేపటికి తనే పిలిచారు.

"బొమ్మలో తప్పుంటే మొహాన చెప్తాం కదా. నాకూ అలాగే చెప్పు. నా కోసం బొమ్మల్ని వంకర చెయ్యకు."

సరేనని మాటిచ్చింది. బొమ్మ తిరిగి షెడ్డుకు వెళ్ళింది.

శిల్పి చేతిలో వేరే పనులున్నాయి, పైగా వానల్లో రంగులు ఆరక నెలలు గడిచాయి. ఈలోగా ఆమె మాట నిలబెట్టుకుంది. ఇది పొద్దున కాదు, సాయంత్రం అనేది. ఆ చొక్కా మీది కాదు అనేది. కొన్నిసార్లు ఆయన, మంచిది, చెప్పావు అనేవారు. కొన్నిసార్లు కసురుకునేవారు. మరికొన్నిసార్లు తప్పు చేసి దొరికిపోయినట్టు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. అప్పుడు ఆమె వంటింట్లోకి వెళ్ళి, పని ఏమీ లేకపోయినా, కుళాయి తిప్పి నిలబడేది. చెప్పకుండా ఊరుకుంటే పోయేది కదా అని ప్రతిసారీ అనుకునేది. ప్రతిసారీ మళ్ళీ చెప్పేది.

పడవవాడు తిరిగొచ్చాడు. శిల్పి స్వయంగా తెచ్చి నడిమి అరలో నిలబెట్టి, ఎక్కువసేపు ఉండలేక వెళ్ళిపోయాడు. ఎడమచేతిలో లాంతరు, గుండెకు కట్టిన కుడిచెయ్యి, అతుకు ఎక్కడో వెతికినా కనబడదు. ఆమె ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి బీరువా ముందు నిలబెట్టింది. దీపం వేసింది.

ఆయన బొమ్మను వెలుతురుకు తిప్పలేదు. ముందుకు వంగనైనా వంగలేదు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు నిలబడినట్టు కాస్త దూరంగా నిలబడి, మర్యాదగా తలాడించారు.

"బాగుందండీ" అన్నారు. "మీరే చేశారా?"

పెళ్ళయిన నాటి నుంచి ఆయన ఆమెను నువ్వు అనడమే తప్ప మీరు అన్నది లేదు. ఆమె బీరువా తలుపు గట్టిగా పట్టుకుంది. ఇచ్చిన మాట గుర్తుంది.

"నేను కాదండీ. మీ స్నేహితుడు చేశాడు. నేను మీ భార్యని." బొమ్మ వైపు చూపించి, "లాంతరు ఏ చేతిలో ఉందో చూడండి" అంది.

ఆయన బొమ్మను చూసి, వెంటనే ఆమె మొహం చూశారు. జవాబు అక్కడ దొరుకుతుందేమోనని వెతుకుతున్నారు.

"ఎడమచేతిలో" అంది ఆమె. "మీరు చెప్పినట్టే."

"నేను చెప్పానా?"

"మీరే."

కొత్తవాళ్ళ ముందు ఎవరో పొగిడినట్టు ఆయన సిగ్గుపడి, రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నారు.